స్కాట్లాండులో గోల్ఫ్ విహారయాత్ర

స్కాట్లాండులో గోల్ఫ్ విహారయాత్ర అనగా గోల్ఫ్ క్రీడకు పుట్టినిల్లుగా పేరొందిన స్కాట్లాండు దేశంలోని ప్రాచీన మైదానాలలో ఆడుటకు గాని, వాటిని చూచుటకు గాని జరిపే యాత్ర. స్కాట్లాండు యునైటెడ్ కింగ్‌డమ్‌లో ఒక భాగం. ఐక్యరాజ్య సమితి గణాంక విభజనలో ఇది ఉత్తర ఐరోపా కిందకు వస్తుంది. సుమారు 55 లక్షల జనాభా గల ఈ దేశంలో 550కి పైగా గోల్ఫ్ మైదానాలు ఉన్నాయి. మన గ్రామాలలో చెరువుగట్టు ఎలాగో అక్కడి సముద్రతీరపు గ్రామాలలో గోల్ఫ్ మైదానం అలాగ.

హైదరాబాదు వంటి నగరాల నుండి ఈ యాత్రకు వెళ్ళదలచిన వారు కనీసం ఎనిమిది, తొమ్మిది నెలల ముందుగా ప్రణాళిక వేసుకొనవలసి ఉంటుంది. వీసా, హ్యాండిక్యాప్ ధ్రువపత్రం, మైదానాల కేటాయింపు అను మూడింటిలో ఏ ఒకటి తప్పినా యాత్ర ఉద్దేశం నెరవేరదు. ఈ వ్యాసంలో క్రీడ చరిత్ర, మైదానాల స్వభావం, యాత్ర ఏర్పాట్లు, హైదరాబాదుతో గల సంబంధాలు వివరించబడ్డాయి.

చరిత్ర

గోల్ఫ్ గురించి లభిస్తున్న తొలి లిఖిత ఆధారం ఒక నిషేధాజ్ఞ కావడం విశేషం. 1457లో రాజు రెండవ జేమ్స్ కాలంలో స్కాట్లాండు పార్లమెంటు గోల్ఫును, ఫుట్‌బాలును నిషేధించింది. ప్రజలు ఈ ఆటలలో మునిగి, దేశరక్షణకు అవసరమైన విలువిద్యను అలక్ష్యం చేస్తున్నారన్నది కారణం. ఇదే నిషేధం 1471లోను, 1491లోను మళ్ళీ వెలువడింది. ఒకే ఆజ్ఞను మూడుసార్లు జారీ చేయవలసి వచ్చినదంటే ప్రజలు దానిని ఎంతవరకు పాటించారో ఊహించవచ్చు. చివరకు 1502లో ఇంగ్లండుతో సంధి కుదిరిన పిదప రాజు నాలుగవ జేమ్స్ స్వయంగా పెర్త్ పట్టణంలోని విల్లులు చేసేవాని వద్ద గోల్ఫ్ కర్రలు కొన్నట్లు రాజకోశపు లెక్కలలో నమోదై ఉంది.

ఆ తరువాతి ముఖ్య ఘట్టాలు ఇవి:

* 1552 - సెయింట్ ఆండ్రూస్ ఆర్చిబిషప్ జాన్ హామిల్టన్ పట్టణ ప్రజలకు తీరభూములలో గోల్ఫ్ ఆడుకొనే హక్కును గుర్తిస్తూ శాసనం ఇచ్చాడు.
* 1744 - ఎడింబరో సమీపంలోని లీత్ వద్ద క్రీడాకారులు వెండి గోల్ఫ్ కర్ర బహుమతిగా పోటీ జరుపుతూ 13 నియమాలు వ్రాసుకొన్నారు. లభిస్తున్న లిఖిత నియమావళులలో ఇదే మొదటిది. ఆ పోటీ విజేత జాన్ రాట్రే అను శస్త్రవైద్యుడు.
* 1754 - సెయింట్ ఆండ్రూస్ గోల్ఫర్ల సంఘం ఏర్పడింది. 1834లో రాజు నాలుగవ విలియం పోషకత్వం లభించిన తరువాత దీనికి 'రాయల్ అండ్ ఏన్షెంట్' అన్న పేరు వచ్చింది.
* 1764 - సెయింట్ ఆండ్రూస్‌లో ఒక ఆవృత్తికి 22 గుంటలు ఉండేవి, వాటిని 18కి తగ్గించారు. ప్రపంచమంతటా 18 గుంటల ఆట ప్రమాణం కావడానికి ఇదే మూలం.
* 1860 - అక్టోబరు 17న ప్రెస్ట్విక్ మైదానంలో మొదటి ఓపెన్ ఛాంపియన్‌షిప్ జరిగింది. ఎనిమిదిమంది పాల్గొనగా విల్లీ పార్క్ 174 దెబ్బలలో 36 గుంటలు పూర్తిచేసి గెలిచాడు.
* 1873 - ఓపెన్ పోటీ మొదటిసారి సెయింట్ ఆండ్రూస్‌లో జరిగింది. 2022 నాటికి ఈ పోటీ అక్కడ 30 సార్లు జరిగింది.

స్కాట్లాండు వర్తకులు, సైనికులు ఈ ఆటను తమ వెంట దేశదేశాలకు తీసికొనిపోయారు. 1829లో స్థాపించబడిన కలకత్తా గోల్ఫ్ క్లబ్బు బ్రిటిష్ దీవులకు వెలుపల గల క్లబ్బులలో అతి పురాతనమైనది. అమెరికాలో క్రీడ స్థిరపడక మునుపే భారతదేశంలో స్థిరపడింది.

సెయింట్ ఆండ్రూస్ భూమి వివాదం

యాత్రికులు తెలుసుకొనదగిన విషయాలలో ఇది ముఖ్యమైనది. సెయింట్ ఆండ్రూస్ మైదానం ఏ క్లబ్బు సొత్తూ కాదు, అది ప్రజల ఉమ్మడి భూమి. అయితే ఈ హక్కు సులువుగా నిలబడలేదు.

1797 ప్రాంతాన అప్పులపాలైన పురపాలక సంఘం ఈ తీరభూములను తాకట్టు పెట్టింది. కొద్దికాలంలోనే అవి కుందేళ్ళ పెంపకం జరిపే వర్తకుల చేతికి పోయాయి. కుందేళ్ళు ఎక్కడికక్కడ బొరియలు త్రవ్వడంతో ఆట కష్టమైంది. పట్టణవాసులకు, వర్తకులకు మధ్య ఘర్షణలు, న్యాయస్థానంలో వ్యాజ్యాలు ఏళ్ళ తరబడి నడిచాయి. 1821లో జేమ్స్ చీప్ అను స్థానిక భూస్వామి భూమిని కొని గోల్ఫ్ ఆటను కాపాడాడు. చివరకు 1894లో పార్లమెంటు చట్టం ద్వారా పురపాలక సంఘం ఈ భూమిని తిరిగి పొందింది. 1974లో మరియొక చట్టం ద్వారా ఏర్పడిన లింక్స్ ట్రస్టు నాటి నుండి నిర్వహణ బాధ్యత వహిస్తున్నది.

దీని ఫలితంగానే స్థానికులు తక్కువ వార్షిక రుసుముతో అక్కడ ఆడగలుగుతున్నారు. ఓల్డ్ కోర్సులో ఆదివారం సాధారణంగా ఆట ఉండదు. ఆ రోజు మైదానం ఒక ఉద్యానవనమై పోతుంది. వృద్ధులు, పిల్లలు, పెంపుడు కుక్కలతో వచ్చేవారు ప్రపంచప్రసిద్ధమైన ఆ పచ్చికపై నడచి తిరుగుతారు. దేశమంతటికీ వర్తించే 2003 నాటి భూసంస్కరణ చట్టం కూడా ఆటకు, పచ్చికకు భంగం కలుగనంతవరకు గోల్ఫ్ మైదానాల మీదుగా నడచిపోయే హక్కును పౌరులకు ఇచ్చింది.

లింక్స్ మైదానాల స్వభావం

సముద్రానికి, సాగుభూమికి మధ్యనుండే ఇసుక నేలను స్కాట్లాండులో 'లింక్స్' అంటారు. వ్యవసాయానికి పనికిరాని ఈ నేలపై గొర్రెలు మేసేవి. గాలి, అలలు, గొర్రెలు కలిసి మలచిన ఎత్తుపల్లాలే తొలి మైదానాలు. గొర్రెలు గాలి నుండి తప్పించుకొనుటకు ఒదిగి పడుకొన్న చోట ఏర్పడిన ఇసుక గుంతలే నేటి బంకర్లకు మూలమని చెబుతారు.

భారతదేశంలో ఆడి వెళ్ళినవారు గమనించవలసిన తేడాలు:

* నేల: ఇసుక నేల కావడం వలన వాన నీరు వెంటనే ఇంకిపోతుంది. గట్టిగా ఉన్న నేలపై బంతి పడిన తరువాత చాలా దూరం దొర్లుతుంది. కనుక బంతిని ఎత్తుగా కొట్టుటకంటె నేలబారుగా కొట్టడమే మేలు.
* గడ్డి: హైదరాబాదు వంటి వేడి ప్రాంతాలలో బెర్ముడా జాతి గడ్డి పెంచుతారు. అక్కడ సన్నని ఫెస్క్యూ, బెంట్ జాతుల గడ్డి ఉంటుంది.
* చెట్లు: లింక్స్‌లో చెట్లు అరుదు. వాటికి బదులు పసుపుపచ్చని పూలు పూసే గోర్స్ అను ముళ్ళపొదలు ఉంటాయి. వాటిలో పడిన బంతిని వెదకబోయి చేతులు గీరుకొనుటకంటె దానిని వదలుకొనుటే ఉత్తమం.
* బంకర్లు: చిన్నవిగా, లోతుగా, నిట్టనిలువు పచ్చిక గోడలతో ఉంటాయి. ఓల్డ్ కోర్సులో 112 బంకర్లు ఉన్నాయి. 14వ గుంట దారిలో ఉన్న అతి పెద్ద దానికి 'నరకం' అనే పేరు ఉంది.
* గాలి: లింక్స్ ఆటలో అసలు ప్రత్యర్థి గాలి. ఉదయం అనుకూలంగా ఉన్న గాలి మధ్యాహ్నానికి ఎదురుగాలి కావచ్చును.

ముఖ్య ప్రాంతాలు, మైదానాలు

ఫైఫ్

సెయింట్ ఆండ్రూస్ పట్టణం ఈ ప్రాంతంలోనిది. ఇక్కడ లింక్స్ ట్రస్టు నిర్వహణలో ఏడు మైదానాలు ఉన్నాయి: ఓల్డ్, న్యూ (1895), జూబిలీ (1897), ఈడెన్ (1914), స్ట్రాతైరమ్, బాల్గోవ్, కాజిల్ (2008). పేరుకు 'న్యూ' అయినా ఆ మైదానం వయస్సు నూరేళ్ళు దాటింది. తొమ్మిది గుంటల బాల్గోవ్ పిల్లలకు, కొత్తగా నేర్చుకొనేవారికి అనువైనది.

ఓల్డ్ కోర్సులో ఏడు పచ్చికలు జంట పచ్చికలు, అనగా ఒక్కొక్క దానిపై రెండేసి గుంటలు ఉంటాయి. ఇలా జంట అయిన గుంటల సంఖ్యలను కూడితే ఎప్పుడూ 18 వస్తుంది (2, 16, 3, 15, 4, 14 - ఇలాగ). 1, 9, 17, 18 గుంటలకు మాత్రమే విడి పచ్చికలు. 18వ గుంట దారిలో వాగుపై గల చిన్న రాతి వంతెన స్విల్కన్ వంతెన. గోల్ఫ్ దిగ్గజాలు తమ చివరి ఓపెన్ ఆడినపుడు దీనిపై నిలబడి వీడ్కోలు పలకడం సంప్రదాయమైనది.

పక్కనే ఎగుడుదిగుళ్ళతో కూడిన ఒక పటింగ్ మైదానానికి 'హిమాలయాస్' అని పేరు. 1867లో స్థాపించబడిన మహిళల పటింగ్ క్లబ్బు దీనికి మూలం. కొద్దిపాటి రుసుముతో ఎవరైనా ఆడవచ్చు. గోల్ఫ్ రాని కుటుంబ సభ్యులకు ఇది మంచి కాలక్షేపం.

ఈస్ట్ లోథియన్

ఎడింబరో నగరానికి తూర్పున ఉన్న తీరప్రాంతం. నార్త్ బెరిక్‌లోని 15వ గుంట 'రెడాన్' అనే పేరుతో ప్రసిద్ధి చెందింది, ప్రపంచంలో అనేక మైదానాలలో దీనిని అనుకరించారు. మస్సెల్‌బరో పాత లింక్స్ తొమ్మిది గుంటల మైదానం, నేడు గుర్రపు పందేల ప్రాంగణం లోపల ఉంది. ఇక్కడ 1672లోనే గోల్ఫ్ ఆడినట్లు వ్రాతపూర్వక ఆధారం ఉంది.

మ్యూర్‌ఫీల్డ్ మైదానం 1744 నాటి నియమాలు వ్రాసిన లీత్ సంఘపు వారసులది. మహిళలకు సభ్యత్వం ఇవ్వాలన్న ప్రతిపాదన 2016లో ఇక్కడ వీగిపోయింది. దానితో ఇకపై ఓపెన్ పోటీని ఇక్కడ జరపబోమని నిర్వాహకులు ప్రకటించారు. మరుసటి ఏడాది 2017లో మళ్ళీ ఓటింగు జరిపి ప్రతిపాదనను ఆమోదించారు. 2022లో మహిళల ఓపెన్ పోటీ తొలిసారిగా ఇక్కడ జరిగింది.

ఆంగస్

కార్నూస్టీ మైదానం కఠినత్వానికి పేరుపొందింది. 1999 ఓపెన్ చివరి గుంట వద్ద మూడు దెబ్బల ఆధిక్యంతో ఉన్న ఫ్రెంచి క్రీడాకారుడు జాన్ వాన్ డి వెల్డ్ బంతి బారీ వాగులో పడడంతో గెలుపు చేజారింది. అదనపు ఆటలో స్కాట్లాండుకు చెందిన పాల్ లారీ విజేత అయ్యాడు.

ఎయిర్‌షైర్

గ్లాస్గోకు నైరుతి దిశలో ఉన్న తీరం. మొదటి ఓపెన్ జరిగిన ప్రెస్ట్విక్, రాయల్ ట్రూన్, టర్న్‌బెర్రీ ఇక్కడివి. ట్రూన్‌లోని 8వ గుంట నిడివి 123 గజాలు మాత్రమే. పచ్చిక చాలా చిన్నది కావడం వలన దానికి 'తపాలా బిళ్ళ' అని పేరు. 2024 ఓపెన్ పోటీ ట్రూన్‌లోనే జరిగింది.

ఉత్తర స్కాట్లాండు

రాయల్ డోర్నోక్ దూరంగా ఉన్నా అనుభవజ్ఞులు ఎంతో ఇష్టపడే మైదానం. అమెరికాలో వందలాది మైదానాలను తీర్చిదిద్దిన డోనాల్డ్ రాస్ ఈ పట్టణంలోనే 1872లో జన్మించాడు.

యాత్రకు అనువైన కాలం

ఏప్రిల్ నుండి అక్టోబరు వరకు ప్రధాన ఋతువు. జూన్ మూడవ వారంలో ఎడింబరోలో సూర్యుడు ఉదయం నాలుగున్నరకు ఉదయించి రాత్రి పది గంటలకు అస్తమిస్తాడు. కనుక రాత్రి భోజనం తరువాత కూడా ఆడవచ్చును. జూలైలో కూడా పగటి గరిష్ఠ ఉష్ణోగ్రత సగటున 19 డిగ్రీలు మాత్రమే. మనకు డిసెంబరు తెల్లవారుజాము వంటి చలి అక్కడ వేసవి సాయంత్రాలలో ఉంటుంది. తూర్పు తీరంలో అప్పుడప్పుడు 'హార్' అనే సముద్రపు పొగమంచు కమ్ముకొంటుంది. పశ్చిమాన, ఉత్తరాన వేసవిలో 'మిడ్జ్' అనే సన్నని దోమలు బాధిస్తాయి.

మే, సెప్టెంబరు నెలలు మధ్యేమార్గం. శీతకాలంలో రుసుములు బాగా తగ్గుతాయి గాని పగలు ఏడు గంటలే ఉంటుంది. పైగా ఓల్డ్ కోర్సులో పచ్చిక పాడవకుండా బంతి కింద చిన్న చాప పరచి కొట్టవలసి ఉంటుంది.

ప్రణాళిక

వీసా

భారతీయులకు యునైటెడ్ కింగ్‌డమ్ సందర్శక వీసా అవసరం. ఐరోపా దేశాల షెంగెన్ వీసా ఇక్కడ చెల్లదు. ప్రయాణానికి మూడు నెలల ముందు నుండి దరఖాస్తు చేయవచ్చు. సాధారణంగా నిర్ణయానికి మూడు వారాలు పడుతుంది, వేసవిలో ఎక్కువ పట్టవచ్చు. వేలిముద్రలు ఇచ్చే కేంద్రం హైదరాబాదులోనే ఉంది. బ్యాంకు ఖాతా వివరాలు, ఆదాయపు పన్ను పత్రాలు, ఉద్యోగ లేదా పింఛను పత్రాలు, యాత్ర వివరం జతపరచాలి. దరఖాస్తుకు ముందు ఖాతాలో ఒక్కసారిగా పెద్ద మొత్తం జమచేయడం అనుమానాలకు దారితీస్తుంది. డబ్బు ఎక్కడి నుండి వచ్చినదో చూపగలగాలి. వీసా రాకమునుపే తిరిగి రాని సొమ్ము చెల్లించి టిక్కెట్లు కొనరాదు.

హ్యాండిక్యాప్ ధ్రువపత్రం

క్రీడాకారుని నైపుణ్యాన్ని తెలిపే సంఖ్యను గోల్ఫ్‌లో హ్యాండిక్యాప్ అంటారు. సంఖ్య ఎంత తక్కువైతే నైపుణ్యం అంత ఎక్కువ. 2020 నుండి అమలులోకి వచ్చిన ప్రపంచ హ్యాండిక్యాప్ పద్ధతిలో దీని గరిష్ఠ పరిమితి 54. ఓల్డ్ కోర్సు, మ్యూర్‌ఫీల్డ్ వంటి చోట్ల దీని ధ్రువపత్రం అడుగుతారు. భారతదేశంలో గుర్తింపు పొందిన క్లబ్బు ద్వారా దీనిని పొందవచ్చు. అయితే ఇందుకు కొన్ని ఆటల లెక్కలు నమోదు కావాలి, కనుక ఈ పని అన్నిటికంటె ముందు మొదలుపెట్టాలి.

ఓల్డ్ కోర్సులో అవకాశం పొందే మార్గాలు

1. ముందస్తు దరఖాస్తు: సాధారణంగా వేసవి చివరలో మరుసటి సంవత్సరానికి దరఖాస్తులు స్వీకరిస్తారు.
2. లాటరీ: ఆడదలచిన రోజుకు రెండు రోజుల ముందు ఇద్దరు నుండి నలుగురు గల బృందం పేర్లు నమోదు చేయాలి. అదే రోజు సాయంత్రం ఫలితం ప్రకటిస్తారు. దీనికి వేరే రుసుము లేదు.
3. ఒంటరి క్రీడాకారుల లాటరీ: పూర్వం ఒంటరిగా వచ్చినవారు చలిలో రాత్రంతా వరుసలో నిలబడేవారు. 2024 నుండి దీనికి బదులుగా ముందురోజు స్వయంగా వచ్చి పేరు నమోదు చేసుకొనే లాటరీ ప్రవేశపెట్టారు.
4. అధీకృత యాత్రా సంస్థలు: ఖర్చు ఎక్కువ, కాని ఆట ఖాయం.

లాటరీపై ఆధారపడేవారు సెయింట్ ఆండ్రూస్‌లో కనీసం మూడు, నాలుగు రాత్రులు బస చేయాలి. ప్రతిరోజూ పేరు ఇస్తూ, ఆ రోజులలో న్యూ, జూబిలీ, ఈడెన్ మైదానాలలో ఆడుకొనవచ్చును. రెండు రోజులు మాత్రమే ఉండి, అందులో ఒకటి ఆదివారం అయితే నిరాశ తప్పదు.

ప్రయాణం

శంషాబాదు విమానాశ్రయం నుండి లండన్‌కు నేరుగాను, గల్ఫ్ నగరాల మీదుగా ఎడింబరో లేదా గ్లాస్గోకు ఒక మజిలీతోను చేరవచ్చు. సెయింట్ ఆండ్రూస్‌కు రైలు మార్గం 1969లో మూతపడింది. ఎడింబరో నుండి సుమారు గంట ప్రయాణంలో లూకర్స్ స్టేషనులో దిగి, అక్కడి నుండి బస్సులో వెళ్ళాలి. నార్త్ బెరిక్, కార్నూస్టీ, ట్రూన్, ప్రెస్ట్విక్ పట్టణాలకు రైలు స్టేషన్లు ఉన్నాయి. కనుక కారు లేకున్నా యాత్ర సాధ్యమే. కారు నడపదలచినవారికి భారతీయ లైసెన్సు 12 నెలల వరకు చెల్లుతుంది. మనవలెనే ఎడమవైపు నడపాలి, దూరాలు మాత్రం మైళ్ళలో ఉంటాయి.

సామగ్రి

నియమాల ప్రకారం ఒక ఆటలో 14 కర్రలకు మించి వాడరాదు. కర్రల సంచీ బరువు విమాన సంస్థ పరిమితిలో ఉండునట్లు చూసుకొనాలి, గట్టి పెట్టె తప్పనిసరి. పెద్ద మైదానాలలో కర్రలు అద్దెకు దొరుకుతాయి. నీరు చొరని పైదుస్తులు, ఉన్ని టోపీ, రెండు జతల చేతితొడుగులు, నీటికి తడవని బూట్లు అవసరం. గొడుగు అక్కడి గాలికి నిలువదు. మన ప్లగ్గులు అక్కడ పట్టవు, మూడు పలక పిన్నుల అడాప్టరు తీసికొనిపోవాలి.

ద్రవ్యం

అక్కడి ద్రవ్యం పౌండు. స్కాట్లాండులోని మూడు బ్యాంకులు తమ సొంత నోట్లను ముద్రిస్తాయి. ఇవి బ్రిటన్‌లో చెల్లుతాయి గాని మన దేశంలో మార్చుకొనడం కష్టం. తిరిగి వచ్చే ముందే వాటిని బ్యాంక్ ఆఫ్ ఇంగ్లండు నోట్లుగా మార్చుకొనడం మంచిది.

ఖర్చు

2024లో ఓల్డ్ కోర్సు వేసవి రుసుము ఒక్క ఆటకు 320 పౌండ్లు. పౌండుకు 105 రూపాయల లెక్కన ఇది 33,600 రూపాయలు. సామాను మోసి, దారి చెప్పే క్యాడీకి ఇచ్చే కూలి, బహుమానం దీనికి అదనం. ప్రసిద్ధి చెందిన ఇతర మైదానాలు కూడా దాదాపు ఇదే స్థాయిలో ఉంటాయి.

అయితే గోల్ఫ్ ధనికుల ఆట అన్న అభిప్రాయం స్కాట్లాండులో పూర్తిగా వర్తించదు. తక్కువ ఖర్చుతో యాత్ర చేయదలచిన వారికి కొన్ని మార్గాలు:

* ఎడింబరో నడిబొడ్డున ఉన్న బ్రంట్స్‌ఫీల్డ్ లింక్స్‌లో చిన్న గుంటల మైదానంపై వేసవిలో ఉచితంగా ఆడవచ్చు.
* మస్సెల్‌బరో, బాల్గోవ్ వంటి తొమ్మిది గుంటల మైదానాలలో రుసుము తక్కువ.
* అనేక మైదానాలు సాయంత్రం వేళ తగ్గింపు ఇస్తాయి. పగలు పొడవు కనుక పూర్తి ఆట వీలవుతుంది.
* ఓల్డ్ కోర్సులో ఆదివారం నడకకు ఏమీ చెల్లించనక్కరలేదు.

నమూనా యాత్ర (ఎనిమిది రోజులు)

* 1వ రోజు: ఎడింబరో చేరుట, విశ్రాంతి. కాలమానం వేసవిలో మనకంటె నాలుగున్నర గంటలు వెనుక.
* 2వ రోజు: బ్రంట్స్‌ఫీల్డ్ లింక్స్, ఎడింబరో కోట.
* 3వ రోజు: రైలులో నార్త్ బెరిక్, ఆట. మస్సెల్‌బరో పాత లింక్స్ సందర్శన.
* 4వ రోజు (శనివారం): సెయింట్ ఆండ్రూస్ చేరుట, ఈడెన్ మైదానంలో ఆట.
* 5వ రోజు (ఆదివారం): ఓల్డ్ కోర్సులో నడక, గోల్ఫ్ మ్యూజియం, హిమాలయాస్. మంగళవారం ఆటకు లాటరీలో పేరు నమోదు.
* 6వ రోజు: న్యూ లేదా జూబిలీ మైదానం. బుధవారానికి లాటరీ.
* 7వ రోజు: లాటరీ తగిలితే ఓల్డ్ కోర్సు, లేనిచో కార్నూస్టీ.
* 8వ రోజు: రెండవ అవకాశం, సాయంత్రం తిరుగు ప్రయాణం.

రోజుకు రెండు ఆటలు పెట్టుకొనడం కాగితంపై బాగుంటుంది. ఒక ఆటకు ఏడెనిమిది కిలోమీటర్లకు పైగా నడవాలి. ఓల్డ్ కోర్సులో వైకల్యం ఉన్నవారికి తప్ప బండి అనుమతించరు. అరవై దాటినవారు ఒకరోజు ఆట, ఒకరోజు విశ్రాంతిగా వేసుకొనడం ఆరోగ్యకరం.

మైదాన మర్యాదలు

నిర్ణీత సమయానికి పావుగంట ముందే మొదటి గుంట వద్ద ఉండాలి. ఒక ఆట నాలుగు గంటలలో ముగియాలని ఆశిస్తారు. పోయిన బంతిని వెదకుటకు నియమాల ప్రకారం మూడు నిమిషాలే గడువు. వెనుక బృందం వేగంగా వస్తుంటే వారికి దారి ఇవ్వాలి. లేచిన పచ్చిక పెళ్ళను తిరిగి అమర్చాలి, బంకర్లో అడుగుల గుర్తులు చదును చేయాలి. బంతి మనుషుల వైపు వెళితే 'ఫోర్' అని బిగ్గరగా హెచ్చరించాలి.

హైదరాబాదుతో సంబంధాలు

కోఠిలోని బ్రిటిష్ రెసిడెన్సీలో పనిచేసిన అధికారులలో స్కాట్లాండు వారు ఉన్నారు. 1798లో ఇక్కడ రెసిడెంటుకు సహాయకునిగా నియమితుడైన జాన్ మాల్కం స్కాట్లాండులోని లాంగ్‌హోమ్ సమీపంలో జన్మించాడు. నాంపల్లి స్టేషను రోడ్డులోని 'గోల్డెన్ థ్రెషోల్డ్' భవనంలో నివసించిన అఘోరనాథ చటోపాధ్యాయ, సరోజినీ నాయుడు తండ్రి, ఎడింబరో విశ్వవిద్యాలయం నుండి విజ్ఞానశాస్త్రంలో డాక్టరేటు పొందినవాడు. నిజాం కళాశాల తొలి ప్రధానాచార్యుడు ఆయనే. ఎడింబరోకు వెళ్ళే హైదరాబాదు యాత్రికులు మైదానాలతోపాటు ఆ విశ్వవిద్యాలయాన్ని కూడా చూడదగును.

నేడు హైదరాబాదులో సాధన చేయుటకు గోల్కొండ వద్ద నయా ఖిల్లాలోను, గచ్చిబౌలి ప్రాంతంలోను, సికింద్రాబాదు సైనిక ప్రాంతంలోను మైదానాలు ఉన్నాయి. వీటిలో నయా ఖిల్లా మైదానం 17వ శతాబ్దపు కోట గోడల లోపల ఉంది. 'హతియాన్ కా ఝాడ్' అని పిలువబడే మహావృక్షం, పాత మసీదులు ఈ ఆవరణలోనివే. గోల్ఫ్ మైదానం వలన చారిత్రక స్థలానికి నష్టం కలుగుతున్నదని, సందర్శకుల రాకపోకలకు ఆటంకమని వారసత్వ పరిరక్షకులు అభ్యంతరం తెలుపగా, మైదానం వలననే ఆ స్థలం పచ్చగా, ఆక్రమణలకు లోనుకాకుండా ఉన్నదని సమర్థించేవారూ ఉన్నారు. భూమి ప్రజలదిగా ఉంటూనే ఆట సాగవచ్చునా అన్న ప్రశ్నకు సెయింట్ ఆండ్రూస్ ఒక సమాధానం చూపుతున్నది. ఆ సమాధానం కుదరడానికి అక్కడ దాదాపు నూరేళ్ళు పట్టింది.

కొన్ని పారిభాషిక పదాలు

* పార్: ఒక గుంటను పూర్తిచేయుటకు నిర్ణయించిన దెబ్బల సంఖ్య.
* బర్డీ: పార్ కంటె ఒక దెబ్బ తక్కువ.
* బోగీ: పార్ కంటె ఒక దెబ్బ ఎక్కువ.
* టీ: మొదటి దెబ్బ కొట్టే స్థలం, బంతిని నిలిపే చిన్న మేకు.
* ఫెయిర్‌వే: టీ నుండి గుంట వరకు కత్తిరించిన పచ్చిక బాట.
* బర్న్: స్కాట్లాండు మాండలికంలో వాగు.
* క్యాడీ: కర్రలు మోస్తూ ఆటగానికి సలహా ఇచ్చే సహాయకుడు.
* స్టార్టర్: బృందాలను వరుస ప్రకారం ఆటకు పంపే ఉద్యోగి.

ఇవి కూడా చూడండి

* గోల్ఫ్
* స్కాట్లాండు
* ఎడింబరో
* గోల్కొండ
* కోఠి
* గోల్డెన్ థ్రెషోల్డ్